మూత అంచులో పేరు

ఆ నోటీసు టైపు చేసింది నేనే. మా వదిన పేరు మీద, మా ఇంటి చిరునామాకే, నా పది వేళ్ళతో నేనే టైపు చేశాను. ఈ మాట ముందే చెప్పేయడం మంచిది. రేపు ఇంకెవరో చెబితే నేను దాచానని మీరు అనుకుంటారు.

నేను పనిచేసేది ఒక ప్లీడరుగారి ఆఫీసులో. రెండు గదులు, మూడు బీరువాలు, పొద్దస్తమానం మూలుగుతూ ఉండే ఒక ప్రింటరు. పద్దెనిమిదేళ్ళుగా ఆయన చెబుతారు, నేను కొడతాను. ఇన్నేళ్ళు విన్నాక నాకూ చట్టం వచ్చేసిందని నాకో ధీమా. ఇరుగుపొరుగు వాళ్ళు వీలునామా దగ్గర నుంచి గోడ తగువుదాకా నన్నే అడుగుతారు. నేనూ కుర్చీ జరుపుకుని మరీ చెబుతాను. జరిగిందంతా ఆ ధీమా వల్లే జరిగింది.

ఆ మంగళవారం ఉదయం ప్లీడరుగారి ఎదురుగా ఒక పెద్దాయన కూర్చున్నారు. సీసా అడుగులాంటి కళ్ళద్దాలు. ఒళ్ళో ఒక చెక్కపెట్టె. ఆ పెట్టెను చూడగానే గుర్తుపట్టాను. గుండ్రంగా అరగదీసిన ఆ మూలలు, తేనె రంగు వార్నిష్, మూత మీద చెవులకు హెడ్‌ఫోన్లతో పక్కకు తిరిగి నవ్వుతున్న ఆ గాయని బొమ్మ. అలాంటివి మా ఇంటి వెనక గదిలో అరల నిండా ఉన్నాయి.

ప్లీడరుగారు పేరు చెప్పారు, కొట్టాను. ఎవరిదా ఈ పేరు అని ఒక క్షణం ఆలోచించాను కూడా. మా వదినను ఊళ్ళో అందరూ పెట్టెలక్క అంటారు. ఆమె అసలు పేరు పలికి ఎన్నేళ్ళయిందో నాకే గుర్తులేదు. పెద్దాయన మనిషి ఎవరో, ఆమె పెట్టెలమ్మే సంత ఆఫీసు రిజిస్టరులో వెతికి ఆ పేరు పట్టుకున్నాడట. తర్వాత ప్లీడరుగారు ఇంటి నంబరు చెప్పారు. నా వేళ్ళు ఆగిపోయాయి.

"ఏమ్మా, ఆగావు?"

"ఇది మా ఇల్లు సార్. ఆమె మా ఆయన అక్క."

ప్లీడరుగారు కళ్ళజోడు తీశారు. పెద్దాయన నా వైపు తిరిగారు కానీ నన్ను సరిగా చూసినట్టు లేదు, గొంతు వచ్చిన వైపు చూశారు.

"ఇంకెవరితోనైనా కొట్టిస్తాలే," అన్నారు ప్లీడరుగారు.

"వద్దు సార్. వాళ్ళు కొడితే తప్పులుంటాయి."

ఎందుకలా అన్నానో ఇప్పటికీ తెలియదు. పొగరు అనుకోండి. ఆయన కాసేపు ఆలోచించి, "పోస్టు అందేదాకా ఇంట్లో ఈ మాట రాకూడదు. క్లయింటు సంగతి మన గడప దాటకూడదు. నీకు నేను కొత్తగా చెప్పాలా?" అన్నారు.

"అక్కర్లేదు సార్."

నాలుగు పేజీలు. మూత మీది ఆ ఫొటో తీసింది ఈ పెద్దాయన. దాని మీద హక్కు ఆయనది. ఆయన్ని అడగకుండా కాపీలు తీసి, పెట్టెలకు అతికించి అమ్మడం వెంటనే ఆపాలి. అమ్ముడుపోని పెట్టెలన్నీ నాశనం చేయాలి. 'నాశనం' అన్న మాట దగ్గర అక్షరం తప్పు పడింది. చెరిపి మళ్ళీ కొట్టాను.

మా వదిన గురించి చెప్పాలి. ఆమెతో నాకు పడదు అనుకునేరు, పడుతుంది. మా పెళ్ళయిన కొత్తలో నేను పెట్టిన టీ తాగి, "నీళ్ళు వేడిగా ఉన్నాయి, అదొక్కటీ బాగుంది," అన్న మనిషి. నేను ఊరుకునే రకం కాదు. అలా ఒకరికొకరం వంకలు పెట్టుకుంటూ ఇరవై రెండేళ్ళు ఒకే ఇంట్లో ఉన్నాం. ముందు గదులు మావి, వెనక గది, దాన్నానుకున్న రేకుల షెడ్డు ఆమెవి. మధ్యలో మా ఆయన. "మీ ఇద్దరి మధ్యకీ నన్ను లాగకండి" అన్న ఒక్క మాటతో కాపురం నెట్టుకొచ్చిన మనిషి.

ఆ షెడ్డు మా అన్నయ్యగారిది, అంటే వదిన భర్తది. ఆయన వడ్రంగి. రేడియో పెట్టుకుని పనిచేసేవారు. ఆ గాయని పాట వస్తే చేతిలో చిత్రిక ఆపేసేవారు, చప్పుడులో పాట పోతుందని. పాట అయ్యాకే మళ్ళీ చెక్క ముట్టుకునేవారు. ఆయన చనిపోయాక నెల రోజులకు వదిన షెడ్డు తలుపు తీసింది. పనిముట్లు అమ్మేయమని అందరూ చెప్పారు, నేనూ చెప్పాను. ఆయన పనిముట్ల పెట్టె అడుగున ఒక పత్రిక పేజీ దొరికింది. గాయని నవ్వుతున్న ఫొటో. జాగ్రత్తగా మడత పెట్టకుండా దాచారు. వదిన ఎవరి మాటా వినలేదు. ఆయన ఎవరి సొరుగుకో కోసి వదిలేసిన చెక్కతో ఒక పెట్టె చేసింది. చేతులు ఎనిమిది చోట్ల తెగాయి. మూత మీద ఆ ఫొటో అతికించి, పైన వార్నిష్ పూసింది. మొదటి పెట్టె వంకరగా వచ్చింది. అది ఆమె మంచం పక్కనే ఉంటుంది.

రెండోది సరిగ్గా వచ్చింది. నాలుగోదాన్ని ఎవరో కొనుక్కుపోయారు. ఆ ఫొటో వచ్చిన సంచిక పాత ప్రతులు ఎక్కడ దొరికినా పాతకాగితాల వాళ్ళ దగ్గర కొని తెచ్చేది. దళసరి నునుపు కాగితం. ఫొటో చుట్టూ తెల్ల అంచు వేలు వెడల్పున ఉండేది. ఆ అంచును స్కేలు పెట్టి కోసేసేది. కోసింది పారేసేది కాదు, పీలికను మూడు మడతలు పెట్టి, మూత లోపలి గాడిలో జిగురు రాసి కూరేది. దాంతో మూత వేస్తే చప్పుడు రాదు. మూత టపీమంటే పనివాడి పరువు పోయినట్టే అనేవారట అన్నయ్యగారు. వదిన పెట్టె మూత పడిన సంగతి చూస్తే తప్ప తెలియదు. సంతలో జనం రెండుమూడు సార్లు తీసి వేసి, ఆ మెత్తదనానికే కొనేవారు.

అప్పుడు నేను రంగంలోకి దిగాను. "వదినా, ఒకరి ముఖం పెట్టుకుని వ్యాపారం చేస్తే వాళ్ళ అనుమతి ఉండాలి," అన్నాను. ఆ మాట వరకు సరైనదే. నా చేతిరాతతో ఒక ఉత్తరం తయారుచేశాను. 'నా ముఖం ఉన్న పెట్టెలు చేసి అమ్ముకోవడానికి నాకు అభ్యంతరం లేదు' అని గాయని సంతకం పెట్టేలా. దానితోపాటు ఒక పెట్టె కూడా పంపాం. రెండు నెలలకు సంతకంతో తిరిగొచ్చింది. కింద ఆమె సొంత రాతలో, 'మూత ఎంత మెత్తగా పడుతోందో. నా ఉంగరాలు ఇందులోనే పెట్టుకుంటున్నాను' అని ఉంది. వదిన ఆ రోజు చేసిన పని ఆపి రేడియో ముందు కూర్చుని ఏడ్చింది. ఉత్తరానికి చట్రం కట్టి షెడ్డులో తగిలించింది. సంతలో 'గాయని మెచ్చిన పెట్టెలు' అని బోర్డు కూడా పెట్టబోయింది. అభ్యంతరం లేదనడం వేరు, మెచ్చి సిఫార్సు చేస్తున్నాననడం వేరు అని అది మాత్రం పీకించాను. అంత తెలివి ఉన్నదాన్ని, ఇంకొక్క అడుగు వేయలేకపోయాను. "ఇక నిన్ను వేలెత్తి చూపేవాడు లేడు," అని అభయం ఇచ్చేశాను.

కొన్నాళ్ళకు ఆ పాత ప్రతులు దొరకడం మానేశాయి. వదిన చివరి పేజీని జిరాక్సు షాపుకు తీసుకెళ్ళి, దళసరి కాగితం మీద రంగుల్లో కాపీలు తీయించింది. అంచుతో సహా, ఎందుకంటే పీలిక కావాలి కదా. నన్ను అడిగింది కూడా. "మనిషే ఒప్పుకుంది, ఇంకెవరిది అభ్యంతరం?" అన్నాను. మగ్గుతో టీ తాగుతూ అన్నాను, బాగా గుర్తుంది.

నోటీసు శుక్రవారం వచ్చింది. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి వదిన షెడ్డులో బల్ల ముందు కూర్చుని ఉంది. నాలుగు పేజీలూ పక్కపక్కన పరిచి, గాలికి ఎగరకుండా ఉలి, సుత్తి బరువు పెట్టింది. ఆఖరి పేజీ అడుగున వేలు ఆనించి ఉంది. టైపు చేసినవాళ్ళ పొడి అక్షరాలు కాగితం కింద మూలన చిన్నగా వేయడం మా ఆఫీసు అలవాటు. ప్రతి కాగితం మీదా నా గుర్తు ఉంటుందని ఆమె దగ్గర ఎన్నిసార్లు గొప్పలు పోయానో.

"ఇవి నీ అక్షరాలే కదూ?"

"నావే వదినా."

"ఎప్పుడు కొట్టావు?"

"మంగళవారం."

"మూడు రోజులు నా పక్కన కూర్చుని తిన్నావు. నిన్న నా తల కూడా దువ్వావు."

"ఆఫీసు మాట ఇంట్లో చెప్పకూడదు వదినా."

"ఇంట్లో మనిషి మీద ఆఫీసులో కొట్టొచ్చు కానీ."

నేను బల్ల ఇవతల స్టూలు లాక్కుని కూర్చున్నాను.  నాకు చేతనైనట్టు విడమరిచి చెప్పాను. కాగితం నువ్వు కొన్నావు, అది నీది. ముఖం ఆవిడది, ఆవిడ ఒప్పుకుంది. బొమ్మ మాత్రం తీసినాయనది. కొన్న పేజీని కోసి అతికించినన్నాళ్ళు వాదించుకోవడానికి కాస్త చోటుంది, కాపీ తీయించాక ఆ చోటు కూడా లేదు. చట్టం చోటుకో తీరుగా ఉంటుంది కానీ ఇక్కడ ఇంతేనని ప్లీడరుగారు చెప్పారు.

వదిన అంతా విని, "మూడూ ఒకే ముక్కలో ఉంటే మూడని నాకెలా తెలుస్తుంది?" అంది. "నీకు తెలియాలి. నువ్వు చెప్పావు."



అరల్లో డెబ్బై రెండు పెట్టెలున్నాయి. అన్నయ్యగారు కోసి ఆరబెట్టి పెట్టిన చెక్కలో ఆఖరి పలకలతో చేసినవి. ఆ చెక్క ఇక లేదు. ఆ పనీ లేకపోతే వదినకు తెల్లారి లేవడానికి కారణమే ఉండదు. వారం రోజులు షెడ్డులో చప్పుడు లేదు. నాతో మాటల్లేవు. అంతకుముందు కరెంటు బిల్లు కూడా నాతో చదివించుకునే మనిషి, సంత ఆఫీసు ఫారం తనే కూర్చుని కూడబలుక్కుని నింపుకుంది. నన్ను ఒక్క కాగితం అడగలేదు. అది తిట్టినదానికన్నా ఎక్కువ తగిలింది నాకు.

ఎనిమిదో రోజున గుమ్మంలో నిలబడి, "ఆయన ఇల్లెక్కడో చెప్పమను మీ ప్లీడర్ని. తగలబెట్టేముందు ఒకసారి చూసిపోతే బాగుంటుందని చెప్పు," అంది.

ప్లీడరుగారు ఫోను చేస్తే పెద్దాయన రమ్మన్నారు. "నువ్వు తోడు వెళ్ళు. నోరు మాత్రం విప్పకు," అన్నారు ప్లీడరుగారు నాతో. పద్దెనిమిదేళ్ళలో ఆయన ఇచ్చిన అతి కష్టమైన పని అదే.

రెండంతస్తులు ఎక్కాలి. ఒక గది నిండా ఇనుప సొరుగులు. వాటిలో కాగితపు కవర్లు, కవర్లలో నెగటివులు, ప్రతి కవరు మీదా తారీకు, చోటు. ఒక కన్ను పూర్తిగా పోయిందని, రెండోది ఈ ఏడాది దాకా ఉంటే గొప్పని డాక్టరు చెప్పారట. ఏ సొరుగులో ఏముందో ఆయన చేత్తో తడిమి చెబుతున్నారు.

"ఆ రోజు పొద్దున్నుంచి సాయంత్రం దాకా స్టూడియోలో నిలబడ్డానమ్మా," అన్నారు వదినతో. "ఆవిడకి ఫొటోలంటే చిరాకు. ఒక్కసారి, పాట బాగా వచ్చిందని ఎవరో సైగ చేస్తే ఇటు తిరిగి నవ్వింది. ఒక్కటే దొరికింది. పత్రికవాళ్ళు వేసుకున్నారు కానీ హక్కు నేను ఇవ్వలేదు. నా పేరు పక్కన నిలువుగా వేశారు, చీమ తలకాయంత అక్షరాలతో. అంతే నాకు మిగిలింది. మొన్న కళ్ళాసుపత్రిలో నర్సు దగ్గర నీ పెట్టె చూసి అడిగి తెచ్చుకున్నాను. నా బొమ్మేనని గుర్తుపట్టాను. పేరు కోసం భూతద్దం పెట్టి నాలుగు పక్కలా వెతికాను. ఎందుకు కోసేశావు తల్లీ?"

వదిన అబద్ధం ఆడదు, ఆడటం రాదు. "అంచు ఉంటే మూత మీద అందం రాదండీ," అంది. "అక్కడ పేరుందని కూడా చూడలేదు. నా కంటికి అది తెల్ల అంచే."

ఆయన తల ఊపారు. ఆ నిజానికి కోపం రాలేదు కానీ, ముఖం ఇంకాస్త వాడిపోయింది. వదిన లేచి, ఆ రోజు ఆయన ఆఫీసుకు తెచ్చిన పెట్టెను బల్లమీద నుంచి అందుకుంది. సంచిలోంచి చిన్న కత్తి తీసింది. మూత లోపలి గాడిలో మొన పెట్టి, నెమ్మదిగా పీలికను పైకి లాగింది. మడతలు విప్పి, ఆయన భూతద్దం కిందకు జరిపింది. జిగురు మరకల మధ్య నిలువుగా ఆయన పేరు.

"కోశాను కానీ పారెయ్యలేదండీ. ప్రతి పెట్టెలోనూ ఉంది."

ఆయన చాలాసేపు దానిమీద వంగి ఉన్నారు. ఇక గట్టెక్కాం అనుకున్నాను నేను. ఆయన తల ఎత్తి, "దాచినచోట ఉంటే పేరున్నట్టా అమ్మా?" అన్నారు.

 నేను పెదవి కొరుక్కున్నాను. కింద వీధిలో ఎవరో బండి స్టార్టు చేస్తున్నారు, అది మూడుసార్లు మొరాయించి నాలుగోసారి కదిలింది.

"ఉన్నదాన్ని బయట పెడతాను," అంది వదిన చివరికి. "డెబ్బై రెండూ. కాల్చమనకండి. అది మా ఆయన కోసిన చెక్క."

ఒప్పందం కూడా నేనే టైపు చేశాను. ఉన్న పెట్టెలను కాల్చనక్కర్లేదు. ప్రతి మూత మీదా బొమ్మ కింద ఆయన పేరు కనబడాలి. అమ్మినదాంట్లో ఆయనకు రావలసింది ఆయనకు. మిగిలిన కాపీలు తిరిగి ఇచ్చేయాలి. ఆ బొమ్మతో కొత్త పెట్టె మాత్రం ఒక్కటి కూడా చేయకూడదు. ఆ ఆఖరి షరతు దగ్గర ఆయన మెత్తబడలేదు. వదిన అడగలేదు కూడా.

పేరు అచ్చు వేయించి అతికిస్తే ఒక రోజు పని. వదిన అలా చేయలేదు. పీలిక మీది పేరును పెద్దదిగా గీయించుకుని, దాన్ని పెట్టి మూత చెక్క మీద ఉలితో చెక్కింది. ఆయనకు రేపు కళ్ళు కనబడవు కదా, అందుకని. నాతో చెప్పలేదు, ఆమె అక్షరాల మీద కళ్ళు మూసుకుని వేలు తిప్పుకోవడం కిటికీలోంచి చూసి నేనే గ్రహించాను. నాలుగు నెలలు పట్టింది.

ఈలోపు సంతలో ఆమె తీరు మారింది. జనం తమ సొంత ఫొటోలు తెచ్చి పెట్టె చేయమంటే, "ఎవరు తీశారు?" అని మొదటి ప్రశ్న. ఒకావిడ "మా బావ" అంటే, "అయితే బావనడిగి రండి," అని వెనక్కి పంపింది. ఆ బావతో వాళ్ళకు పదేళ్ళుగా మాటల్లేవట. ఆ పెట్టె పుణ్యమా అని వెళ్ళి అడిగారు. వదినకు బేరాలు తగ్గాయి, ఆమె పద్ధతి మాత్రం మార్చలేదు.

ఆఖరి పెట్టెను అమ్మకుండా ఆయనకే ఇవ్వాలని తీసుకెళ్ళింది. నన్ను రమ్మనలేదు. నేనే చెప్పులేసుకుని వెనక నడిచాను, వద్దనలేదు.

ఆయనకు అప్పటికి రెండో కన్ను కూడా పోయింది. కిటికీ దగ్గర కుర్చీలో ఉన్నారు. వదిన పెట్టెను ఆయన ఒళ్ళో పెట్టి, చూపుడు వేలిని పట్టుకుని మూత మీద ఆనించింది. ఆయన ఒక్కో అక్షరం మీదా ఆగుతూ తన పేరు చదువుకున్నారు. చివరిదాకా వెళ్ళి మళ్ళీ మొదటికి వచ్చారు.  నాకు ఏడుపొచ్చింది, చెప్పడానికి సిగ్గేముంది.

తర్వాత ఆయన మూత తీసి వేశారు. మళ్ళీ తీసి వేశారు.

"చప్పుడు లేదే. నా పేరు బయటికి తీశావుగా, లోపల ఇప్పుడేం పెట్టావు?"

వదిన తడబడింది. "ఏదో కాగితమండీ."

"ఏం కాగితం?"

"నా పేరు రాసిపెట్టానండీ. డెబ్బై రెండిట్లోనూ. ఎవరికీ కనపడదు లెండి."

ఆయన ఇంకా ఆ మూత అంచునే తడుముతున్నారు. "నేను నిన్ను అడిగిన మాట గుర్తుందా?"

"ఉందండీ."

"మరి?"

 ఇంటికి వచ్చాక వదిన షెడ్డులో లైటు వేసుకుంది. కాసేపటికి నా గది గుమ్మంలోకి వచ్చి నిలబడింది. మంచం పక్కనుండే ఆ వంకర పెట్టె, అన్నిటికన్నా మొదటిది, ఆమె చేతిలో ఉంది.

"ఆయన పేరు పత్రికలో ఉంది, చూసి చెక్కాను," అంది. "మీ ప్లీడరు కాగితాల మీద తప్ప నాది ఎక్కడా అచ్చులో లేదు. ఆ నోటీసు చూసి దీని మీద చెక్కాలంటే చెయ్యి రావట్లేదు. విడిగా ఒక కాగితం మీద కొట్టి తెచ్చిపెట్టు."

అయిదు నెలల తర్వాత నన్ను ఆమె అడిగిన మొదటి కాగితం అది. మర్నాడు ఆఫీసుకు అరగంట ముందే వెళ్ళి టైపు చేశాను. ముందు గౌరవం, వెనక ఇంటి నంబరు ఏమీ లేకుండా, పేజీ మధ్యలో ఆమె పేరు ఒక్కటే. అడుగున నా పొడి అక్షరాలు వేయలేదు.